ఫిల్మ్ నగర్ పొరుగున ఒక చికిత్సాచరిత్ర

చెన్నపట్టణమునుండి తరలివచ్చిన తెలుగు చలనచిత్రపరిశ్రమకు నెలవైన, భాగ్యనగరమందలి ఫిల్మ్ నగర్ పొరుగుననే, సహధర్మచారిణి బసవతారకమును క్యాన్సర్ వ్యాధికి కోల్పోయిన నందమూరి తారక రామారావుగారి సంకల్పము ఫలించి, 2000 జూన్ 22న ప్రధాని వాజపేయిగారి చేతులమీదుగా ఆమె పేరిటి క్యాన్సర్ ఆసుపత్రి ప్రారంభమయ్యెను. జూబ్లీహిల్స్ అపోలో ఆసుపత్రి అంతకు పుష్కరకాలము పూర్వమే వెలసియుండెను.

ఆ 2000వ సంవత్సరమే పురుషుల ప్రొస్టేట్ గ్రంథి చికిత్సకును ఒక మలుపు. 1904లో బాల్టిమోరున హ్యూ హ్యాంప్టన్ యంగ్ క్యాన్సర్ సోకిన ఆ గ్రంథిని సమూలముగా తొలగించిన నాటినుండియు, ప్రాణము దక్కినను మూత్రనిగ్రహమును దాంపత్యసుఖమును పోగొట్టుకొనినవారు పెక్కండ్రు. 1982లో పాట్రిక్ వాల్ష్ గ్రంథి నంటియున్న సన్నని నరములను కాపాడుచు శస్త్రచికిత్స చేసెను. 2000లో ఫ్రాంక్‌ఫర్టు వైద్యులు చిన్న రంధ్రములగుండ, రోబో సాయమున, గ్రంథిని తొలగించిరి. ఆ యంత్రము కాలక్రమమున భాగ్యనగరమునకును వచ్చెను.

కోత చిన్నదైనను కోలుకొనుటకు ఓర్పు వలయును. రోగి కొలదిదినములలోనే ఇల్లు చేరును. మూత్రపుగొట్టము వారము పదిదినములుండును. అది తీసిన పిదప మూత్రము తెలియకయే జారుచుండగా పురుషుడు సిగ్గుతో ముడుచుకొని ఎవ్వరికిని చెప్పుకొనడు. ఈ మౌనమే నాకు మిక్కిలి బాధాకరముగ తోచుచున్నది. ఏలయన, ప్రసవానంతరము స్త్రీలకై 1948లో ఆర్నాల్డ్ కెగెల్ ప్రకటించిన కటికండరముల అభ్యాసమును శ్రద్ధతో సాగించినచో, పెక్కుమందికి ఏడాదిలోపల నిగ్రహము చాలవరకు మరలివచ్చును. లైంగికశక్తికి అంతకన్న ఎక్కువకాలము పట్టవచ్చును, కొందరికి పూర్తిగా మరలకపోవచ్చును. ఈ మాటను వైద్యుడు దంపతులిద్దరిని కూర్చుండబెట్టి ముందే చెప్పవలెను. శస్త్రచికిత్స జరిగిన కొన్ని వారములకు చేయు రక్తపరీక్షలో, ప్రొస్టేట్ నుండి వెలువడు పీఎస్‌ఏ అను పదార్థము దాదాపు కానరాకుండుట శుభసూచకము; ఆపైనను ఏండ్లతరబడి ఆ పరీక్షను మానరాదు.