తంతి కచేరిలో చేతినొప్పి

వ్రాతపనివలన చేయి పట్టుతప్పుట క్రొత్తగా వచ్చిన రోగము కాదు. ఇటలీ దేశమున రామజ్జీని అను వైద్యుడు 1700 సంవత్సరమున పనివాండ్ర రోగములను గూర్చి లాటిను భాషలో నొక గ్రంథము ప్రకటించెను. లేఖకుల బాధలకు ఆయన మూడు హేతువులు చెప్పినాడు: ఎడతెగక కూర్చుండుట, చేతిని ఒకే తీరున విరామము లేక కదపుట, లెక్కలలో తప్పు దొర్లి యజమానికి నష్టము కలుగునేమో యను మనోభారము. శ్రోతలు ఈ మూడవదానిని జ్ఞాపకముంచుకొన గోరెదను. ఆయన యెఱిగిన నోటరీ యొకడు కుడిచేయి పడిపోగా ఎడమచేత వ్రాయ నభ్యసించెనట. కొలదికాలములోనే ఆ చేతికిని అదే వ్యాధి వచ్చెను. కండరములు అరిగిపోవుటయే కారణమైనచో, క్రొత్తగా పనిలో దిగిన యెడమచేయి అంత త్వరగా నేల చెడవలయును?

మన తాళపత్ర లేఖకులును గ్రంథాంతమున, వీపు నడుము మెడ విరుగునట్లు వ్రాసితిమి, దీనిని పదిలముగా కాపాడుడని సంస్కృత శ్లోకమున విన్నవించుకొనుట కద్దు. 

పందొమ్మిదవ శతాబ్దిలో ఇంగ్లండున గుమాస్తాల చేతులు వంకరపోవుచుండగా కొందఱు ఉక్కుకలమును నిందించిరి. ఆ వాదము నట్లుంచి తంతికి వత్తము. మోర్సు పద్ధతిలో అక్షరములన్నియు చుక్కలు, గీతలు. ఎస్ అనుటకు మూడు చుక్కలు, హెచ్ అనుటకు నాలుగు. చుక్క కొట్టుట యనగా మీటను నొక్కి వెంటనే విడుచుట. దినమంతయు ఇట్లు మణికట్టు ఆడవలెను. 1875లో ఓనిమస్ అను ఫ్రెంచి వైద్యుడు తంతి ఉద్యోగుల చేతికి వచ్చు ఈ ఈడ్పును వర్ణించెను. వేళ్లు బిగిసికొనును, చుక్కలు కలిసిపోవును, పంపిన వార్త అవతలివానికి బోధపడదు. చిత్రమేమన, అదే చేయి తక్కిన పనులకు చక్కగా వంగుచుండును.

బ్రిటనులో 1906 నాటి కార్మిక నష్టపరిహారపు చట్టము క్రింద 1908లో ఈ వ్యాధిని చేర్చిరి. అంతటితో చేతినొప్పి సెలవుచీటితోను, భృతితోను ముడిపడెను. తపాలాశాఖవారు నియమించిన సంఘము 1911లో తన నివేదిక నిచ్చెను. నరముల అస్థిరత యొకటి, మాటిమాటికి కలుగు బడలిక యొకటి, ఈ రెండును కూడినపుడు వ్యాధి పుట్టునని వారు తేల్చిరి. తీర్పు సమముగనే కనబడును. కాని బడలిక యన్నచో బాధ్యత కచేరిది, నరముల దోషమన్నచో అది ఉద్యోగి పుట్టుకతో తెచ్చుకొన్నది. ఒక్క పదముపై ఒక సంసారపు జీవనము వ్రేలాడుచుండెను.

1927లో మే స్మిత్, కల్పిన్, ఫార్మర్ అను మువ్వురు వ్యాధిగ్రస్తులను, ఆరోగ్యవంతులను ప్రక్కప్రక్కన పరీక్షించిరి. ఆందోళనాది మనోలక్షణములు రోగులలో హెచ్చుగా కనబడెను. ఐనను ఇది చాలినంత ఋజువు కాదని నా అభిప్రాయము. చేయి పడిపోయి ఉద్యోగము ఊగులాడుచున్నవాడు కలత చెందక మఱేమి చేయును? కలత ముందో, నొప్పి ముందో తెలియవలెనన్నచో నొప్పి రాకముందే మనుష్యుని ప్రశ్నింపవలెను.

ఆ పని మాంచెస్టరు వైద్యపండితులు చేసిరి. 2000 సంవత్సరమున వెలువడిన వారి పరిశోధనలో, ముంజేతి నొప్పి లేనివారిని ముందుగా విచారించి రెండేండ్ల తరువాత మఱల చూడగా నూటికి సుమారు 8 మందికి క్రొత్తగా నొప్పి పుట్టియుండెను. మనఃక్లేశము గలవారికి, చేతిని ఒకే తీరున ఆడించు పనివారికి, పై అధికారుల ఆదరణ, తోడివారి తోడ్పాటు కొఱవడినవారికి అది హెచ్చుగా వచ్చెను. రామజ్జీని చెప్పిన చేతి కదలికయు, మనోభారమును మూడువందల యేండ్లకు మఱల ఒకేచోట కలిసినవి.

ఈ మధ్యకాలమున ఆస్ట్రేలియాలో జరిగినది మఱింత విచిత్రము. 1980 తరువాత కొన్నియేండ్లు అచ్చటి కచేరీలలో చేతినొప్పి వెల్లువవలె వచ్చి, వేలాదిమంది పని మానిరి, పిమ్మట తగ్గెను. టెలిఫోను శాఖలో మీటలు అధికముగా కొట్టు తంతి ఉద్యోగులకంటె తక్కువ కొట్టు టెలిఫోను ఉద్యోగినులే ఎక్కువగా బాధపడిరి. దీనినిబట్టి వారిది నటన యని కొందఱు పలికిరి. ఆ మాట నే నొప్పుకొనను. మనసువలన హెచ్చిన నొప్పియు నొప్పియే.

2006 మొదలు 18 దేశములలో, 47 వృత్తివర్గములలో సుమారు 12,000 మందిని విచారింపగా, పనులకు అడ్డువచ్చునంతటి మణికట్టు నొప్పి ఒక వర్గమున నూటికి 2 మందికి, వేఱొక వర్గమున 31 మందికి కనబడినది. అంతకుముందే, 2008లో ప్రకటితమైన మఱియొక పరిశీలనలో, బొంబాయి శ్రామికులకు బ్రిటనులోని శ్రామికులకంటె ఇట్టి బాధలు తక్కువగా నుండెను. బ్రిటనులో పనిచేయు మన ఉపఖండమువారు మాత్రము అచ్చటి తెల్లవారినే పోలియుండిరి. వంశము ఒకటే, చేతులు ఒకటే. మాఱినవి కర్మాగారము, ఇరుగుపొరుగు, నొప్పికి ఆ దేశమున నున్న పేరు, సెలవు అడిగినపుడు మేస్త్రీ చూచు చూపు.