శ్లాబులో ఇనుము స్థానము

క్రొత్త ఇల్లు కట్టదలచినవారు శ్లాబు మందమెంత, ఇనుప చువ్వల లావెంత అని విచారింతురు. ఆ చువ్వలు శ్లాబులో ఏ భాగమున ఉండవలెనన్న ప్రశ్న అంతకంటె తక్కువది కాదు. దానికి సరియైన సమాధానము స్థిరపడుటకు ఐరోపాలో అనేక సంవత్సరములు పట్టినది.

కాంక్రీటు నొక్కుడును బాగుగా తట్టుకొనును. లాగుడును మాత్రము అందులో సుమారు పదవ వంతే ఓర్చుకొనగలదు. రెండు గోడలపై ఆనియున్న పలకమీద బరువు పడినపుడు అది కొంచెము క్రిందికి వంగును. అపుడు పై భాగము నొక్కబడును. అడుగు భాగము సాగును. ఇనుము లేనిచో అడుగున పగులు పుట్టి పలక విరిగిపోవును.

1854లో ఇంగ్లండులోని న్యూకాసిల్ నగరమున విలియం విల్కిన్సన్ అను పూతపని మేస్త్రీ, అగ్నికి చెడని అంతస్తులకొరకు పేటెంటు పొందెను. కాంక్రీటులో ఇనుపతీగెల మోకులను పొదుగుట అతని పద్ధతి. మోకులు నడుమ అడుగుకు దిగి, ఆధారములవద్ద పైకి లేచియుండెడివి. ఆ పద్ధతికి ఆనాడు తగిన ప్రచారము లభింపలేదు. 1867లో ఫ్రాన్సులో జోసెఫ్ మోనియే అను తోటమాలి, ఇనుపతీగెల వలను పొదిగిన సిమెంటు తొట్లకు పేటెంటు తీసికొనెను. తొట్టికి ఆకారమునిచ్చు ఆ వల, పలకలో ఎచ్చట ఉండవలెనో శాస్త్రీయముగా తేలలేదు.

1877లో థాడియస్ హయట్ అను అమెరికా దేశీయుడు తన ప్రయోగఫలితములను ప్రకటించెను. వేడికి ఇనుము, కాంక్రీటు ఇంచుమించు సమానముగా వ్యాకోచించుననియు, అందుచే ఒకదానినుండి ఒకటి విడిపోవనియు అతడు చూపెను. 1886లో జర్మను ఇంజనీరు మథియాస్ కోనెన్, సాగు భాగముననే ఇనుము ఉండవలెనని లెక్కలతో నిరూపించెను. 1892లో ఫ్రాన్సువా హెన్నబీక్ పేటెంటు పొందిన పద్ధతిలో పలక, దూలము, స్తంభము ఏకఖండముగా పోయబడినవి.

నేటి గృహనిర్మాణమునకు ఆధారము ఈ సూత్రమే. నాలుగువైపుల గోడలున్న గది పొడవు వెడల్పునకు రెట్టింపుకంటె మించినచో, ముఖ్యమైన చువ్వలను వెడల్పు దిశగా అడుగున వేయుదురు. మించనిచో రెండు దిశలయందును బలమైన చువ్వలు అవసరము. గోడనుండి బయటకు చొచ్చుకొని వచ్చు బాల్కనీకి, సన్‌షేడుకు ఇది తలక్రిందులగును. అచట సాగునది పై భాగము. ముఖ్యమైన చువ్వలు పైన ఉండవలెను. కాంక్రీటు పోయునపుడు పనివారు త్రొక్కగా అవి క్రిందికి దిగిపోయినచో, ఇనుము ఖర్చయియు బలము చేకూరదు; సెంట్రింగు విప్పగానే సన్‌షేడు కూలిపోవచ్చును.

ఇనుము ఎంత పడినదో కొన్న చీటీ చూచి తెలిసికొనవచ్చును. ఎచ్చట పడినదో కాంక్రీటు పోయకముందే చూచుకొనవలెను.