నూలు నుంచి మైక్రాన్ దాకా

దెగ్లూరు, బిలోలి, ధర్మాబాద్ వైపు ఏ వడ్రంగి దగ్గర కాసేపు కూర్చున్నా "మూడంగుళాల రెండు నూళ్ళు" అనే మాట వినబడుతుంది. పక్క దుకాణంలోని మరాఠీ సుతార్ అదే కొలతను "తీన్ ఇంచ్ దోన్ సూత్" అంటాడు. నూలన్నా, సూత్ అన్నా దారమే. అంగుళాన్ని ఎనిమిది భాగాలు చేస్తే అందులో ఒక భాగం. తలుపు చెక్కకు, మంచం పట్టెకు ఈ నూలు సరిపోతుంది. అదే ఊళ్ళో ఆయిలింజను బాగుచేసే మిస్త్రీకి మాత్రం అది ఏ మూలకూ చాలదు. ఒక నూలులో 125 థౌలు ఉంటాయి. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. పిస్టనుకూ లైనరుకూ మధ్య ఉండవలసిన సందు కొన్ని థౌలు ఎక్కువైతే ఇంజను పొగ వదులుతుంది, తక్కువైతే పట్టేస్తుంది. నూలు దగ్గర్నుంచి థౌ దాకా మనవాళ్ళు ఎట్లా వచ్చారో ఇవాళ చెప్పుకుందాం.

అసలు ఇంజను చరిత్రే కొలత కుదరని ఇబ్బందితో మొదలైంది. జేమ్స్ వాట్ తన ఆవిరియంత్రానికి 1769లో పేటెంటు తీసుకున్నా, అది గనుల్లో పనికెక్కడానికి మరో ఏడేళ్ళు పట్టింది. సిలిండరు సరిగ్గా గుండ్రంగా రాక పిస్టను పక్కనుంచి ఆవిరి పోవడం అందుకు ఒక పెద్ద కారణం. జాన్ విల్కిన్సన్ అనే ఇనుప కార్ఖానాదారు ఫిరంగి గొట్టాలు తొలిచే పనిలో ఆరితేరినవాడు. ఆయన వాట్‌కు సిలిండర్లు తొలిచి ఇచ్చాడు. 50 అంగుళాల సిలిండరులో ఎక్కడా పాత షిల్లింగు నాణెం మందమంత తేడా కూడా లేదని వాట్ భాగస్వామి మాథ్యూ బోల్టన్ 1776లో సంతోషంగా రాశాడు. అంతటివారికి అప్పటికి దొరికిన కొలబద్ద జేబులోని నాణెం!

తర్వాత డెబ్బయి అయిదేళ్ళకు పరిస్థితి ఎంత మారిందో చూడండి. మరచుట్లకు 1841లో ఒక ప్రమాణం ఏర్పరచిన జోసెఫ్ విట్‌వర్త్, 1851 లండన్ ప్రదర్శనలో అంగుళంలో పదిలక్షో వంతు తేడా పట్టగల యంత్రాన్ని పెట్టాడు. గీతలు చూసి కొలవడం కన్నా రెండు కొసలూ తాకించి కొలవడం మేలని ఆయన పట్టు. కంటికి ఆనని తేడా వేలికి తెలుస్తుందన్నమాట. మన మిస్త్రీలు ఆయన పేరు వినకపోయినా ఈ సంగతి వాళ్ళకు బాగా తెలుసు.

సామాన్యుడి చేతికి అందిన పరికరం వేరే దారిన వచ్చింది. ఫ్రాన్సులో జాఁ పామర్ 1848లో మరతో కొలిచే పనిముట్టుకు పేటెంటు తీసుకున్నాడు. 1867 పారిస్ ప్రదర్శనలో దాన్ని చూసిన అమెరికన్లు బ్రౌన్, షార్ప్ తమ దేశంలో తయారుచేసి అమ్మారు. బడిలో స్క్రూగేజి అని చదువుకున్నది ఇదే. కిటుకు తేలికైనది. అంగుళానికి 40 చుట్లున్న మరను ఒక్క చుట్టు తిప్పితే అది 25 థౌలు జరుగుతుంది. తిరిగే గొట్టం మీద 25 గీతలుంటే ఒక్కో గీత ఒక్కో థౌ. మెట్రిక్ రకంలో చుట్టుకు అర మిల్లీమీటరు, గొట్టం మీద 50 గీతలు, గీతకు మిల్లీమీటరులో నూరో వంతు. అంటే పది మైక్రాన్లు.

ఇక మన నేలకు వద్దాం. 1956 దాకా నాందేడ్ హైదరాబాద్ రాజ్యంలో జిల్లా. బట్టల దుకాణంలో గజానికి 16 గిరాలు, వడ్రంగికి నూలు, రైలు కార్ఖానాలో థౌ, ఇలా ఎవరి కొలత వారిది. సన్నని కొలతలు మన వైపుకు రైలు పట్టాల వెంట వచ్చాయని నా అభిప్రాయం. సికింద్రాబాదు దగ్గర లాలాగూడలో 1893లో రైల్వే వర్క్‌షాపు వెలిసింది. ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్ళకల్లా సికింద్రాబాదు నుంచి నిజామాబాద్, నాందేడ్ మీదుగా మన్మాడ్ దాకా మీటరుగేజి లైను నడిచింది. 1932లో నిజాం రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. రైలైనా బస్సైనా బేరింగుల సందు కొలవందే నడవదు. 1943లో సికింద్రాబాదులో ప్రాగా టూల్స్ వచ్చింది. 1968లో బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ వచ్చింది. ఆనాటికి మన జిల్లా మహారాష్ట్రలో ఉంది. అయినా పని నేర్చుకోవడానికి రైలెక్కే కుర్రవాడికి రాష్ట్రం గీత ఏం అడ్డం?

పల్లెకు ఈ కొలతల అవసరం తెచ్చింది మాత్రం ఆయిలింజనే. మంజీర ఒడ్డున, గోదావరి ఒడ్డున, అర్ధాపూర్ అరటితోటల్లో నీళ్ళు తోడిన ఇంజన్లలో ముఖ్యంగా రెండు వంశాలు కనిపిస్తాయి. ఒకటి, ఇంగ్లండులో 1930 ప్రాంతంలో పుట్టిన లిస్టర్ నమూనా. పెద్ద చక్రాలతో నిమిషానికి 650 చుట్లు మెల్లగా తిరుగుతుంది. దాన్ని చూసి రాజ్‌కోట్ చిన్న కార్ఖానాలు వేల కొద్దీ చేశాయి. దాని సిలిండరు వ్యాసం నాలుగున్నర అంగుళాలు. రెండోది, 1946లో పుణె దగ్గర ఖడ్కీలో స్థాపించిన కిర్లోస్కర్ ఆయిల్ ఇంజిన్స్ వారి ఏవీ-1. నిమిషానికి 1500 చుట్లు, సిలిండరు 80 మిల్లీమీటర్లు. ఒకటి అంగుళాల బిడ్డ, ఒకటి మిల్లీమీటర్ల బిడ్డ. నాందేడ్ రాష్ట్రం మారిన 1956లోనే తూనికలు కొలతల చట్టం కూడా వచ్చింది. అంగడిలో సేరు పోయి కిలో వచ్చింది కాని, లిస్టర్ లైనరు కోసం ఇప్పటికీ 114.3 అని అడగాలి. నాలుగున్నర అంగుళాలను 25.4తో హెచ్చిస్తే వచ్చేది అదే.

ఎండాకాలం అరటి గెల వేసిన సమయంలో ఇంజను పొగ పట్టిందనుకోండి. మిస్త్రీ వచ్చి, తల విప్పి, వేలితో తడిమి "లైనరు పోయింది పటేలా, మార్చాలె" అంటాడు. ఆ వేలికి అనుభవం ఉండవచ్చు. కాని అరిగింది రింగులేనా, లైనరా అన్నది వేలు ఒక్కటే తేల్చలేదు. తేలకపోతే అక్కర్లేని ఖర్చు రైతుది. నాలుగు రోజులు నీళ్ళు ఆగితే నష్టమూ రైతుదే. ఎంత అరిగిందని అడిగే హక్కు ఆయనకుంది. చెప్పడానికి ఖరీదైన బోరుగేజి ఉండి తీరాలని లేదు.

పాత మిస్త్రీల పద్ధతి ఒకటి చెబుతాను. ఒక కొత్త రింగును సిలిండరులో పెట్టి, పిస్టను తలతో నెట్టి తిన్నగా నిలబెట్టండి. ముందు అడుగున, రింగు ఎన్నడూ రాపిడి చేయని చోట కొసల మధ్య సందును ఫీలర్ గేజి రేకులతో చూడండి. తర్వాత అదే రింగును పైభాగంలో, పై రింగు తిరుగుముఖం పట్టే చోట నిలిపి చూడండి. అడుగున 0.40 మిల్లీమీటరు, పైన 1.03 వచ్చిందనుకుందాం. తేడా 0.63. దాన్ని 3.14తో భాగిస్తే 0.20. అంటే లైనరు వ్యాసం 0.20 మిల్లీమీటరు పెరిగింది. చుట్టుకొలత వ్యాసానికి మూడు రెట్ల పైచిలుకు కనుక, చిన్న అరుగుదల మూడింతలై రేకుకు చిక్కుతుంది. ఇందులో లోపం లేకపోలేదు. ఇది సగటు వ్యాసాన్నే చెబుతుంది. లైనరు కోడిగుడ్డు ఆకారంలో అరిగితే పట్టదు. దానికి స్ప్రింగు కాలిపర్‌ను లోపల రెండు దిక్కులా తాకించి, ఆ కాళ్ళ ఎడాన్ని స్క్రూగేజితో చూడాలి. కాలిపర్ రాసుకుంటూ పోవాలి, బిగుసుకోకూడదు. ఆ ఒడుపు నెల రోజుల సాధనతో గాని రాదు.

పిస్టను పైకి వచ్చినప్పుడు తలకూ దానికీ మధ్య ఎంత ఎడం మిగిలిందో చూడాలంటే మెత్తని సీసపు తీగ చాలు. పిస్టను మీద ముక్క పెట్టి, తల బిగించి, చక్రం చేత్తో ఒక చుట్టు తిప్పి, నలిగిన తీగ మందం కొలిస్తే సరి. ఆ లెక్క చూసి షిమ్ములు పెంచడమో తగ్గించడమో చేస్తారు. ఇది మన ఊళ్ళలోనే కాదు, ప్రపంచమంతటా ఇంజను పనివారు ఎరిగిన ఉపాయమే.

మన ఎండ సంగతి వేరు. కొలతలకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలని 1931లోనే అంతర్జాతీయంగా నిర్ణయించారు. నాందేడ్ మే నెలలో 45 అందుకుంటుంది. ఆ 25 డిగ్రీల తేడాకు 114 మిల్లీమీటర్ల ఇనుము సుమారు 0.03 మిల్లీమీటరు సాగుతుంది. అల్యూమినియం పిస్టను దాదాపు రెట్టింపు. అందుకే ఎండలోంచి తెచ్చిన లైనరును వెంటనే కొలవరు. స్క్రూగేజినీ, వస్తువునూ ఒకే నీడలో గంటసేపు పక్కపక్కన ఉంచితే ఇనుమూ ఇనుమూ కలిసి సాగి తేడా చాలా మటుకు తీరిపోతుంది.

స్క్రూగేజి నిజం చెబుతుందా అనే అనుమానం ఉంటే? గేజి బ్లాకుల పెట్టె చిన్న దుకాణానికి బరువు. పేరున్న కంపెనీ కొత్త బాల్ బేరింగు మాత్రం తక్కువ ధరకు దొరుకుతుంది. ఫ్యాన్లలో, మోటార్లలో వాడే 6202 బేరింగు వెలుపలి వ్యాసం 35 మిల్లీమీటర్లు. ప్రమాణం ప్రకారం అది 35కు మించదు, 11 మైక్రాన్ల కన్నా తగ్గదు. 25 నుంచి 50 దాకా కొలిచే స్క్రూగేజితో దాన్ని పట్టి చూస్తే సంగతి బయటపడుతుంది. ఇప్పుడు అంకెలు వెలిగే డిజిటల్ కాలిపర్లు ప్రతి హార్డ్‌వేరు దుకాణంలోనూ ఉన్నాయి. తెరమీద నూరో వంతు కనబడినా, వాటి నమ్మకం రెండు మూడు నూరో వంతుల లోపల. పిస్టను సందుకు ఆ తేడా పెద్దదే. లైనరు ఎంపికకు, బోల్టు కొలతకు వాటిని వాడుకుని, పిస్టనుకు స్క్రూగేజినే తీయండి. కొన్నరోజునే 6202 పట్టి, వచ్చిన అంకెను పెట్టె మూత లోపల రాసి పెట్టుకోండి. మళ్ళీ ఏడాదికి అదే బేరింగు పట్టినప్పుడు పోల్చుకోవడానికి పనికొస్తుంది.