ఆకాశమునుండి కంటెయినరు వరకు

హైదరాబాదునుండి శ్రీశైలమునకు బోవు మార్గమున, నల్లమల యడవికి వాకిలియై, చెంచుల పెంటలకు పొరుగున నున్న మన్ననూరు పూర్వము మహబూబునగరు జిల్లాలోనిది. 1975 ఆగస్టు 1న ఆరంభమైన ‘సైట్’ అను ఉపగ్రహ దూరదర్శన బోధన ప్రయోగమునకై ఆరు రాష్ట్రములలో నెన్నుకొనబడిన సుమారు 2400 గ్రామములలో ఆ జిల్లా పల్లెలును గొన్ని యుండెను.

అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహము సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున నిలిచి, ఒకే చిత్రమునకు రెండు భాషల ధ్వనిని జతగూర్చి పంపగా, కోళ్లగూటికి వాడు తీగెవలతో నల్లిన మూడు మీటర్ల యాంటెన్నా దానినందుకొని ఊరివారి కెల్ల జూపెడిది. కష్టమెల్ల ప్రతిష్ఠాపనలోనే యుండెను. ఊరూర టీవీ పెట్టెను నిలుపవలె, యాంటెన్నాను దిక్కునకు గుదుర్పవలె, చెడినపుడు సాంకేతికులు పరుగెత్తవలె. ఏడాదికే, 1976 జులై 31న, ప్రయోగము ముగిసి, ఉపగ్రహము మరలిపోయెను. ఎరవు సొమ్ము గదా!

ఈనాడు ఎరవు లేకుండ సొంత సర్వరుపై వీడియోలు నడుపవచ్చును. ఫ్రాన్సు దేశపు ఫ్రామాసాఫ్ట్ సంస్థ 2018లో తొలి స్థిరరూపమున వెలువరించిన పీర్‌ట్యూబ్ అందులకు సాధనము. దానికి పోస్ట్‌గ్రెస్ డేటాబేసు, తాత్కాలిక సమాచారము నుంచు రెడిస్, వీడియోను పలు పరిమాణములకు మార్చు ఎఫ్ఎఫ్ఎంపెగ్ కావలయును. వీనిని చేతితో నమర్చువాని యోర్పు వర్ణనాతీతము. 2013లో, ప్రోగ్రాములను కంటెయినర్లు అను మూటలుగా గట్టి నడుపు డాకర్ వెలసిన పిదప, ఆ భాగములు వానిలో నిమిడి, ఏ భాగమెట్లు నడువవలెనో వ్రాసిన కంపోజ్ ఫైలు చెప్పినట్లు ఒక్క యాజ్ఞతో లేచుచున్నవి. ఐనను వీడియోలను, డేటాబేసును వెలుపలి నిల్వస్థానములైన వాల్యూములలో నుంచనిచో, కంటెయినరును తొలగించిననాడే యవియు నశించును.