బస్తీ వాట్సాప్ గ్రూపు: నల్లా నీళ్లకు కాపలా

మే 2009లో హైదరాబాద్‌లోని భోలక్‌పూర్‌లో కలుషితమైన నల్లా నీళ్లు తాగి పలువురు చనిపోయారు. వందల మంది వాంతులు, విరేచనాలతో ఆసుపత్రుల పాలయ్యారు. మార్చి 2018లో గుంటూరు పాతబస్తీలోనూ ఇలాంటి విషాదమే జరిగింది. నీళ్ల రంగు మారినా, వాసన వచ్చినా ముందుగా తెలిసేది బిందె పట్టుకుని నల్లా దగ్గర నిలబడ్డవాళ్లకే. ఆ మాట పక్క గల్లీకి ఎంత తొందరగా చేరితే అంత మంది జబ్బు పడకుండా ఉంటారు. ఇప్పుడు చాలా ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది, ప్రతి బస్తీకీ ఏదో ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. దాన్ని శుభాకాంక్షలకే కాదు, నీళ్ల కాపలాకూ వాడుకోవచ్చు.

నీళ్లు ఎందుకు చెడిపోతాయి?

మన పట్టణాల్లో నీళ్లు రోజంతా రావు. సరఫరా ఆగిన తర్వాత పైపులో ఒత్తిడి ఉండదు. పాత పైపుకు ఎక్కడైనా చిల్లు ఉండి, పక్కనే డ్రైనేజీ లైన్ కారుతుంటే ఆ మురికి లోపలికి చేరుతుంది. నల్లా లైనుకు నేరుగా మోటార్ బిగించి లాగితే ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. అది నీళ్లతో పాటు మురికినీ పీలుస్తుంది. అందుకే నీళ్లు వదిలిన మొదటి కొన్ని నిమిషాలు వచ్చేవాటిని తాగడానికి పట్టకూడదు, కడగడానికి వాడుకోవాలి. ఒక ఇంటి మోటార్ వల్ల గల్లీ అంతా జబ్బు పడవచ్చు. ఈ సంగతి పెద్ద పోస్టర్ కన్నా ఒక చిన్న వాయిస్ మెసేజ్‌లో బాగా అర్థమవుతుంది.

నినాదం వేరు, అలవాటు వేరు

బహిరంగ మలవిసర్జనపై యునిసెఫ్ మన దేశంలో 2013-14లో 'పూ టు లూ' పేరుతో ఆన్‌లైన్ ప్రచారం నడిపింది. 2020లో కోవిడ్ మొదలైనప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ 'సేఫ్ హ్యాండ్స్' పేరుతో చేతులు కడుక్కునే వీడియోలు పెట్టమని అందరినీ సవాలు చేసింది. అదే సమయంలో వియత్నాంలో వచ్చిన చేతుల శుభ్రత పాట టిక్‌టాక్ స్టెప్పులతో దేశదేశాలకు పాకింది. ఇలాంటివి సంగతిని గుర్తు చేస్తాయి. అయితే వీడియో చూసినంత మాత్రాన అలవాటు రాదు. నల్లా పక్కన సబ్బు ఉంటేనే చెయ్యి దాని మీదికి పోతుంది.

సబ్బుతో చేతులు కడిగే అలవాటు వల్ల విరేచనాల జబ్బులు సుమారు 30 శాతం తగ్గుతాయని పరిశోధనలు చెబుతున్నాయి. నమాజు చేసే ఇళ్లలో రోజుకు ఐదు పూటలా వుజూ ఉంటుంది కాబట్టి చేతులు శుభ్రంగానే ఉన్నాయని అనుకుంటారు. కానీ వుజూ సాధారణంగా నీళ్లతోనే చేస్తారు. మరుగుదొడ్డి నుంచి వచ్చాక, పసిపిల్లల మలం కడిగాక, వంటకూ భోజనానికీ ముందు సబ్బుతో 20 సెకన్లు రుద్దడం వేరే పని. వుజూఖానాలో సబ్బు పెట్టి, ఆ ఫోటో మొహల్లా గ్రూపులో వేస్తే ఇంకో మస్జిద్ కమిటీ కూడా పెట్టే అవకాశం ఉంటుంది.

పనికొచ్చే మెసేజ్ ఎలా ఉంటుంది?

"నీరే ప్రాణం" లాంటి మాటలు ఎవరూ ఆగి చదవరు. ఏ గల్లీ, ఏ టైము, ఏం చేయాలి అన్న మూడు సంగతులూ ఉన్న మెసేజ్ మాత్రం చదువుతారు. ఉదాహరణకు: "మస్జిద్ వెనక గల్లీలో పొద్దున 6 గంటలకు నీళ్లు పచ్చగా వచ్చాయి. తాగొద్దు. కాచినవే పిల్లలకు ఇవ్వండి. కంప్లైంట్ ఇచ్చాం." తెలిసిన మనిషి గొంతుతో తెలుగులోనూ ఉర్దూలోనూ పంపితే చదువు రాని అమ్మమ్మకూ దాదీకీ కూడా అర్థమవుతుంది.

నీళ్లు తెర్లేలా మరిగించి, ఒక నిమిషం అలాగే ఉంచాలి. చల్లారాక అదే గిన్నెలో మూత పెట్టి ఉంచాలి. గ్లాసు ముంచకుండా పిడి ఉన్న గరిటెతో తీసుకోవాలి. పటిక వేస్తే మట్టి అడుక్కి పోతుంది, అంతమాత్రాన క్రిములన్నీ చావవు. తేటగా కనిపించే నీళ్లన్నీ మంచి నీళ్లు కావు.

విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్ ప్యాకెట్ వెంటనే కలిపి తాగించాలి. అది దొరకకపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో 6 టీ స్పూన్ల చక్కెర, అర టీ స్పూను ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచి కలపాలి. పిల్లవాడు నీరసంగా పడిపోయినా, మూత్రం ఆగినా, మలంలో రక్తం కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఈ కొలత ముందే గ్రూపులో పిన్ చేసి ఉంటే అర్ధరాత్రి వెతుక్కునే పని ఉండదు.

ఫోన్ ఎవరి జేబులో ఉంది?

చాలా బస్తీ గ్రూపుల్లో ఉండేవి మగవాళ్ల నంబర్లు. నీళ్లొచ్చే టైముకు ఆ ఫోన్ వాళ్లతో పాటు పనికి పోయి ఉంటుంది. బిందె పట్టేది, వంట చేసేది, పిల్లల్ని కడిగేది ఇంట్లోని ఆడవాళ్లు. వాళ్లు లేని గ్రూపు నీళ్ల విషయంలో సగం గుడ్డిది. గల్లీకి ఇద్దరు మహిళలైనా అందులో ఉండాలి, లేదంటే వాళ్లకు వేరే గ్రూపు ఉండాలి. ఫోన్ లేని ఇళ్లకు పక్కింటివాళ్లు చెప్పాలి. అత్యవసరమైతే మస్జిద్ మైకులో చెప్పించవచ్చు.

ఫార్వర్డ్ చేసే ముందు

మెసేజ్ మీద రెండు బాణాల గుర్తు ఉంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. ఏ ఊరిదో, ఏ సంవత్సరందో తెలియని ఫోటో పంపితే అనవసరంగా భయం పుడుతుంది, రేపు నిజమైన హెచ్చరికనూ ఎవరూ నమ్మరు. పగిలిన పైపు ఫోటో తీయాలి, మనుషులది కాదు. బయటికి వెళ్లేవాళ్లను ఫోటో తీసి పరువు తీస్తే మరుగుదొడ్డి కట్టినట్టు కాదు. ఎవరింట్లో విరేచనాలు వచ్చాయో పేరుతో సహా రాయకూడదు. అలా రాస్తే తర్వాత జబ్బు వచ్చినవాళ్లు దాచిపెడతారు, దాస్తే అది ఇంకా పాకుతుంది.

గ్రూపుతో ఆగిపోకూడదు

గ్రూపులో రాసినంత మాత్రాన ఫిర్యాదు ఇచ్చినట్టు కాదు. హైదరాబాద్‌లో జలమండలి నంబరు 155313కు ఫోన్ చేసి, ఫిర్యాదు నంబరు తీసుకుని అదే గ్రూపులో వేయాలి. మిగతా పట్టణాల్లో మున్సిపల్ ఆఫీసులో ఇవ్వవచ్చు. మ్యాన్‌హోల్ నిండితే ఎవరికో డబ్బులిచ్చి లోపలికి దించకూడదు. 2013 చట్టం ప్రకారం రక్షణ లేకుండా మనిషిని దించడం నేరం, లోపలి గ్యాస్ నిమిషాల్లో ప్రాణం తీస్తుంది.

పైపు బాగయ్యాక ఆ మాట కూడా గ్రూపులో రాయాలి. చెప్తే పని అవుతుందని చూసినవాళ్లు, రేపు వాళ్ల నల్లాలో నీళ్లు రంగు మారితే ముందుగా చెప్తారు.