గర్భిణుల్లో తెల్లబట్ట, దురద, వాపు: ఏది మామూలు, ఏది ప్రమాదం?

వాంతులు, నడుము నొప్పి, కాళ్ల వాపు గురించి గర్భిణులు ఇంట్లో అందరితో చెప్పుకుంటారు. అదే జననాంగాల దగ్గర దురద, మంట, పుండు లాంటివి వస్తే మాత్రం చాలామంది నోరు విప్పరు. భర్తకు చెప్పాలంటే సిగ్గు, అత్తగారికి చెప్పాలంటే భయం. చివరికి మెడికల్ షాపులో ఏదో ఒక క్రీము తెప్పించుకుని సరిపెట్టుకుంటారు. నిజానికి ఈ లక్షణాల్లో చాలావరకు మామూలువే. కొన్నింటిని దాచిపెడితే మాత్రం బిడ్డ ప్రాణానికే ముప్పు. అందుకే ఈ తేడా ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

తెల్లబట్ట ఎక్కువైతే

గర్భంతో ఉన్నప్పుడు ఈస్ట్రోజెన్ హార్మోను పెరుగుతుంది, ఆ భాగానికి రక్త ప్రసరణ కూడా ఎక్కువవుతుంది. దానివల్ల తెల్లబట్ట మునుపటికంటే ఎక్కువగా అవుతుంది. పల్చగా, తెల్లగా ఉండి, చెడు వాసన, దురద, మంట లేకపోతే భయపడాల్సింది లేదు, మందు కూడా అక్కర్లేదు.

దురద పెడుతూ, పెరుగు విరిగినట్టు గడ్డలుగా తెలుపు అవుతుంటే అది ఫంగస్ ఇన్ఫెక్షన్ కావచ్చు. గర్భిణుల్లో ఇది తరచుగా వస్తుంది. ఇది సుఖవ్యాధి కాదు, దీనివల్ల కడుపులో బిడ్డకు హాని ఉండదు. సాధారణంగా లోపల పెట్టుకునే మాత్రలు, పైన రాసే క్రీముతో తగ్గిపోతుంది. అయితే మామూలు రోజుల్లో ఇచ్చే ఫ్లూకోనజోల్ మాత్రను గర్భంతో ఉన్నప్పుడు సొంతంగా మింగకూడదు. స్టెరాయిడ్ కలిసిన క్రీములు కూడా డాక్టర్ చెప్పకుండా వాడొద్దు.

దురద తగ్గి మళ్లీ మళ్లీ వస్తుంటే షుగర్ పరీక్ష చేయించుకోవాలి. 75 గ్రాముల గ్లూకోజు తాగించి, 2 గంటల తర్వాత రక్తం తీస్తారు. రీడింగు 140 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే గర్భిణీ షుగర్‌గా లెక్క.

రంగు, వాసన మారితే

బూడిద రంగులో పల్చగా అవుతూ చేపల వాసన వస్తుంటే అది బ్యాక్టీరియా వల్ల వచ్చే ఇన్ఫెక్షన్ కావచ్చు. దీనికీ నెలలు నిండకముందే కాన్పు కావడానికీ సంబంధం ఉంది. పసుపు లేదా ఆకుపచ్చ రంగులో నురగలా అవుతుంటే ట్రైకోమోనాస్ అనే ఇన్ఫెక్షన్ అయి ఉండవచ్చు. అది కలయిక ద్వారా సోకేది కాబట్టి భర్త కూడా మందులు వాడాలి. లేదంటే తగ్గినట్టే తగ్గి మళ్లీ అంటుకుంటుంది.

మూత్రం పోసేటప్పుడు మంట ఉంటే మజ్జిగ, బార్లీ నీళ్లతో ఆగిపోకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్‌ను వదిలేస్తే కిడ్నీల దాకా పాకుతుంది. మంట లేకపోయినా ఇన్ఫెక్షన్ ఉండవచ్చు. అందుకే డాక్టర్లు మూత్ర పరీక్ష రాస్తారు.

వాపు, నరాలు ఉబ్బడం

నెలలు నిండేకొద్దీ గర్భసంచి బరువు రక్తనాళాల మీద పడుతుంది. దాంతో కొందరికి జననాంగాల దగ్గర నీలిరంగు నరాలు ఉబ్బి, బరువుగా అనిపిస్తుంది. చూస్తే భయం వేస్తుంది గానీ, కాన్పు అయ్యాక కొన్ని వారాల్లో చాలామందికి తగ్గిపోతుంది. ఎక్కువసేపు నిలబడకుండా ఉండడం, ఎడమ పక్కకు తిరిగి పడుకోవడం మంచిది. అయితే వాపుతో పాటు తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం ఉబ్బడం ఉంటే బీపీ పెరిగి ఉండవచ్చు. అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.

పుండ్లు, పొక్కులు

నొప్పి లేని పుండు వచ్చి దానంతట అదే మానిపోతే జబ్బు పోయిందనుకోకండి. సిఫిలిస్ అయితే పుండు మానినా జబ్బు ఒంట్లోనే ఉంటుంది. వైద్యం చేయకపోతే బిడ్డ కడుపులోనే చనిపోవచ్చు, లేదా జబ్బుతో పుట్టవచ్చు. సకాలంలో పెన్సిలిన్ ఇంజెక్షన్ చేయిస్తే బిడ్డను కాపాడుకోవచ్చు. పెన్సిలిన్ పడకపోతే ముందే డాక్టర్‌కు చెప్పాలి.

మంటతో నీటి పొక్కులు వస్తే హెర్పిస్ కావచ్చు. చివరి నెలల్లో మొదటిసారి వస్తే కాన్పు సమయంలో బిడ్డకు సోకే ప్రమాదం ఎక్కువ. ముందే తెలిస్తే డాక్టర్లు మందులిస్తారు, అవసరమైతే ఆపరేషన్ చేసి బిడ్డను తీస్తారు.

పరీక్షలో పాజిటివ్ వస్తే ఇంట్లో గొడవకు దిగొద్దు. ఈ జబ్బులు ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండగలవు. ఎప్పుడు సోకిందో ఆ రిపోర్టు చెప్పదు. ముందు భార్యాభర్తలిద్దరూ పరీక్ష, వైద్యం చేయించుకోవాలి.

భార్యాభర్తల కలయిక

గర్భం ఏ ఇబ్బందీ లేకుండా సాగుతుంటే కలయిక వల్ల బిడ్డకు హాని లేదు. బిడ్డ ఉమ్మనీటి సంచిలో భద్రంగా ఉంటుంది. కోరిక తగ్గడం, పెరగడం రెండూ సహజమే. భార్యకు ఇష్టం లేనప్పుడు భర్త అర్థం చేసుకోవాలి. మాయ కిందికి ఉన్నా, రక్తస్రావం అవుతున్నా, ఉమ్మనీరు పోతున్నా, నెలలు నిండకముందే నొప్పులు వచ్చే ప్రమాదం ఉందని డాక్టర్ చెప్పినా కలయికకు దూరంగా ఉండాలి.

వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సినవి

- ఏ నెలలోనైనా రక్తం కనిపించడం. నొప్పి లేకపోయినా సరే.
- నీళ్లలా కారుతూ బట్టలు తడిసిపోవడం. అది మూత్రమో ఉమ్మనీరో ఇంట్లో తేల్చుకోలేం.
- చెడు వాసనతో పాటు జ్వరం, పొత్తికడుపు నొప్పి.
- 37 వారాలు నిండకముందే ఆగి ఆగి నొప్పులు.
- బిడ్డ కదలికలు తగ్గడం.

రాత్రయినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

శుభ్రత, డాక్టర్‌తో మాట

ఇస్తింజా చేసేటప్పుడు ముందు నుంచి వెనక్కి, మామూలు నీళ్లతో కడుక్కుంటే చాలు. లోపలి భాగాన్ని సబ్బు, డెట్టాల్‌తో కడగకూడదు. కాటన్ లోదుస్తులు వాడాలి.

ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణులకు హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు ఉచితం. మొదటి మూడు నెలల్లోనే చేయించుకోవడం మంచిది. నాలుగో నెల నుంచి ప్రతి నెల 9న సురక్షిత మాతృత్వ అభియాన్ కింద డాక్టర్ ఉచితంగా చూస్తారు. లేడీ డాక్టర్ చూడాలని మీరు అడగవచ్చు, తోడుగా అమ్మనో అక్కనో తీసుకెళ్లవచ్చు. నోటితో చెప్పలేకపోతే ఎన్ని రోజులుగా ఉంది, ఏ రంగు, దురద ఉందా, వాసన ఉందా అని ఒక చీటీ మీద రాసి ఇవ్వండి. మిగతావి డాక్టరే అడిగి తెలుసుకుంటారు.