కల్వర్టు ఎంతో, బండ అంత

టెక్కలి, మెళియాపుట్టి మండలాల్లోని క్వారీ రోడ్లలో ఎదురయ్యే ట్రైలరును చూసి కొత్తవాళ్లు పొరబడుతుంటారు. బండి పొడవునా చోటు ఖాళీగానే ఉంటుంది, వెనక టైర్ల మీదుగా ఒకే ఒక్క రాయి కూర్చుని ఉంటుంది. ఇంత పెద్ద బండికి ఇంతేనా లోడు అనిపిస్తుంది. లెక్క కడితే కథ మారుతుంది. గ్రానైట్ ఒక ఘనపు మీటరు సుమారు 2.7 టన్నులు తూగుతుంది. 2.8 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు, 1.5 మీటర్ల ఎత్తున్న బ్లాకు 20 టన్నులు దాటుతుంది. మంచం కంటే కాస్త పెద్దదైన ఆ రాయిని కదపడానికి రెండు పదుల టైర్లు కావాలి.

కొండలో రాయికి కొదవ లేదు. ఇప్పుడున్న యంత్రాలతో ఇంతకు రెండింతల బండనైనా కోయొచ్చు. అయినా కోయరు. క్వారీ నుంచి ఓడరేవు దాకా దారిలో అన్నిటికంటే బలహీనమైన కల్వర్టు ఏదో, అది మోసినంతే బండ. శ్రీకాకుళం జిల్లా ఉత్తరభాగంలో బరువుల రవాణా చరిత్ర చాలామటుకు ఇలా దారి పెట్టిన హద్దుల చరిత్రే.

ఎడ్లబండ్ల కాలంలో ఆ హద్దు మరీ కింద ఉండేది. జత ఎడ్లు మెత్తటి మట్టిదారిలో లాగేది మహా అయితే టన్ను. కళింగపట్నం, బారువ రేవుల్లో ఓడలు ఒడ్డుకు వచ్చేవి కావు, లోతు నీళ్లలో లంగరు వేసి నిలబడేవి. అలల మీదుగా సరుకు చేర్చేది మసూలా పడవ. మేకులు కొట్టకుండా పలకలను తాళ్లతో కుట్టి కట్టిన పడవ అది. ఒడ్డు తగిలినా పగలదు, వంగుతుంది. బండి మోయగలిగింది, ఆ పడవ పట్టగలిగింది, కూలీ భుజానికి ఎత్తగలిగింది, ఈ మూడింటికీ సరిపోయిన మూటే సరుకు. అంతకు మించినదాన్ని విడగొట్టాల్సిందే.

1890లలో ఈస్ట్ కోస్ట్ రైలుమార్గం పలాస, నౌపడాల మీదుగా సాగాక బరువుల లెక్క మారింది. పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి తన జమీందారీని ఆ లైనుకు కలపాలని పట్టుబట్టి, నౌపడా నుంచి పర్లాకిమిడికి సొంత రైలు వేయించారు. 1900 ఏప్రిల్ 1న అది నడక మొదలుపెట్టింది. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులే. మొదటి పదేళ్లు నష్టాలే. తర్వాత మెల్లగా నిలదొక్కుకుని, 1931 నాటికి గుణుపురం చేరింది. చిన్న పట్టాల వ్యాగను పెద్ద పట్టాల మీదికి ఎక్కదు గనక, నౌపడాలో ప్రతి లోడూ దించి మళ్లీ ఎక్కించాల్సిందే. కూలీల బలమే అక్కడ కల్వర్టు అనుకోవాలి. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు, టెక్కలి ఇటు అయ్యాయి. రైలు మాత్రం సరిహద్దు దాటుతూనే ఉంది. 2004లో గేజి మార్పిడి కోసం ఆగి, కొన్నేళ్లకు బ్రాడ్‌గేజిగా తిరిగొచ్చింది. అంతకు చాలా ముందే, 1933లో విశాఖపట్నం హార్బరు తెరుచుకున్నాక కళింగపట్నం, బారువ రేవులు క్రమంగా చిక్కిపోయాయి. ఇక్కడి బరువులన్నీ దక్షిణానికి తిరిగాయి.

లారీ కథ ఆ తర్వాతిది. టాటా, మెర్సిడెస్ బెంజ్ కలిసి జంషెడ్‌పూర్‌లో 1954లో ట్రక్కుల తయారీ మొదలుపెట్టాయి. ఆ తరహా రెండిరుసుల లారీ దశాబ్దాల పాటు దేశాన్ని మోసింది. ధాన్యానికి, జీడిపిక్కలకు, కొబ్బరికాయలకు అది చాలు. పలాస జీడిపప్పు, ఉద్దానం కొబ్బరి దేశమంతా తిరిగింది ఆ లారీల మీదే. గ్రానైట్‌కు మాత్రం ఆ లారీ చాలలేదు. 2018 దాకా రెండిరుసుల లారీకి బండితో సహా అనుమతించిన మొత్తం బరువు 16.2 టన్నులు. అంటే 20 టన్నుల బ్లాకు ఒంటరిగానే ఆ హద్దు దాటిపోతుంది. అందుకే నీలిరంగు గ్రానైట్‌కు విదేశాల్లో గిరాకీ పెరిగిన కొద్దీ, టెక్కలి రోడ్లలో ఇరుసుల సంఖ్యా పెరిగింది. బజారులో ఆ రాయికి వైజాగ్ బ్లూ అని పేరు. కొండ ఈ జిల్లాది, పేరు ఓడ ఎక్కిన ఊరిది. మోసుకెళ్లిన దారి పేరు కూడా లాగేసుకుందన్నమాట.

క్వారీలో లోడు వేయడం చూడాల్సిన పని. వజ్రపు పూసల వైరు కోసిన బండను పొక్లెయిన్ మెల్లగా పక్కకు తోస్తుంది. డెరిక్ క్రేను గొలుసు బిగుస్తుంది. బండ గాలిలోకి లేచేసరికి డ్రైవరు కేబిన్ దిగి దూరంగా నిలబడతాడు. ట్రైలరు మీద ముందే చెక్క దిమ్మెలు పరిచి ఉంటాయి. రాయి నేరుగా ఇనుము మీద కూర్చుంటే బ్రేకు వేసినప్పుడు జారుతుంది. చెక్క అయితే కరుచుకుంటుంది, పైగా రేవులో దించేటప్పుడు గొలుసు దూర్చడానికి కింద సందు మిగులుతుంది. బండ ఎక్కడ కూర్చోవాలన్నది జానెడు తేడాతో సహా చూసుకుంటారు. ముందుకు జరిగితే లాగే బండి ఇరుసులు కుంగుతాయి. మరీ వెనక్కి జరిగితే ఎక్కుడులో స్టీరింగు పట్టు తప్పుతుంది. క్లీనరు "రానీ, రానీ... ఆపు" అని చెయ్యి ఊపేదాకా ఎవరూ ఊపిరి వదలరు. చిన్న ముక్కలకు ఇంత హంగు ఉండదు, ట్రాక్టరు ట్రాలీలో పడేసి దగ్గర్లోని పాలిషింగ్ యూనిట్లకు తోలేస్తారు.

హైవే ఎక్కాక కష్టం సగం తీరినట్టే. పాత ఐదో నంబరు జాతీయ రహదారి స్వర్ణ చతుర్భుజిలో భాగంగా నాలుగు వరుసలై, 2010లో పదహారో నంబరుగా పేరు మార్చుకుంది. నరసన్నపేట దగ్గర వంశధార, శ్రీకాకుళం దగ్గర నాగావళి దాటితే విశాఖ రేవు దాకా దాదాపు సాఫీయే. అసలు చిక్కు హైవే చేరేలోపు ఉండే ఊరి రోడ్లది. చెరువు గట్టు పక్కన, ఎడ్లబండిని ఊహించి కట్టిన తూము మీదుగా నలభై టన్నుల బండి రోజుకు పదిసార్లు పోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. క్వారీ పల్లెల్లో రోడ్డు కుంగిందన్న గోడు ఎప్పుడూ ఉండేదే. అందులో న్యాయమూ ఉంది. రాయి మీద డబ్బు ఊరు దాటి వెళ్లిపోతుంది, గుంతలు మాత్రం ఊళ్లోనే ఉంటాయి.

2018 జులైలో కేంద్రం ఇరుసు బరువుల పరిమితిని పెంచింది. రెండిరుసుల లారీకి 18.5 టన్నులు, పెద్ద ట్రైలరుకు 49 నుంచి 55. మరుసటేడు మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, పరిమితి దాటితే 20 వేల రూపాయలు, ఆపైన ప్రతి టన్నుకూ 2 వేలు జరిమానా పెట్టారు. పరిమితి పెంచడం కాగితం మీద ఒక్క రోజు పని. కల్వర్టులు మాత్రం కట్టిన నాటి బలంతోనే ఉన్నాయి.

తెలుగు నేల మీద జరిగిన పెద్ద బండ ప్రయాణం ఒకటి గుర్తొస్తుంది ఇక్కడ. హుస్సేన్‌సాగర్ బుద్ధుణ్ణి భువనగిరి దగ్గరి రాయగిరి నుంచి 192 చక్రాల ట్రైలరు మీద హైదరాబాదుకు తెచ్చారు. 58 అడుగుల ఏకశిల రోడ్డంతా క్షేమంగా వచ్చింది. 1990 మార్చి 10న గట్టు నుంచి నడిచెరువుకు తీసుకెళ్లే బల్లకట్టు ఒరిగి, విగ్రహం మనుషుల ప్రాణాలు తీసి మునిగిపోయింది. అక్కడ బల్లకట్టే బలహీనమైన కల్వర్టు అయింది. 1992 డిసెంబరులో గానీ విగ్రహం నిలబడలేదు.

మళ్లీ శ్రీకాకుళానికి వస్తే, తీరాన తోటల సీమ ఉద్దానంలో బరువుల అసలు పరీక్ష 2018 అక్టోబరు 11న వచ్చింది. తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండలం వైపు తీరం దాటి, కొబ్బరి, జీడి, పనస తోటలను నేల కరిపించింది. దారులన్నీ మానులతో మూసుకుపోయాయి. కూలిన వేల కరెంటు స్తంభాల చోట కొత్తవి నిలపాలి. ఒక్కోటీ ఎనిమిది, తొమ్మిది మీటర్ల సిమెంటు స్తంభం. ట్రాక్టరు ట్రాలీ అంత పొడవుండదు. స్తంభం ఒక కొస ట్రాలీ మీద, రెండో కొస వెనక గాల్లో తేలుతూ, తోటల మధ్య ఇసుకదారుల్లో మలుపు మలుపునా దిగి సర్దుకుంటూ తీసుకెళ్లారు. పెద్ద లారీ ఆ దారుల్లోకి దిగితే ఇరుక్కుపోవడమే. ఇసుకలో ట్రాక్టరు వెనక చక్రమే నమ్మకం. అలల ఒడ్డున ఫైబరు పడవలను పైకి లాగేదీ చాలాచోట్ల ఇప్పుడు అదే. ఒకప్పుడు పాతికమంది "హైలెస్సా" అంటూ చేసిన పని అది.

భారీ పరిశ్రమలు తెచ్చే బరువులంటే ఈ తీరానికి అనుమానం కూడా ఉంది. 2010 జులైలో సోంపేటలో, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలో థర్మల్ ప్లాంట్లకు వ్యతిరేకంగా జనం నిలబడ్డారు. పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. సోంపేట బీల అనే చిత్తడి భూములు, నౌపడా చిత్తడి నేలలు పోతాయన్నదే వాళ్ల భయం. కాకరాపల్లి ఉన్న సంతబొమ్మాళి మండలంలోనే మూలపేట పోర్టుకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. అప్పటి నుంచి కొండరాయి సముద్రం వైపు టిప్పర్లలో కదులుతోంది, ఈసారి ఎగుమతికి కాదు, అలలను ఆపే గోడకు. ఆ రేవు పనిలోకి దిగితే టెక్కలి బండ విశాఖ దాకా నూటయాభై కిలోమీటర్లకు పైగా పోనక్కర్లేదు. నలభై కిలోమీటర్ల లోపే ఓడ ఎక్కొచ్చు. కాకపోతే ఆ కొత్త దారి పోయేది ఉప్పు మళ్ల పక్కన, చిత్తడి నేల మీదుగా. అడుగడుక్కీ నీటికాలువే గనక అక్కడ వేసే ప్రతి కల్వర్టునూ 55 టన్నుల లెక్కతో కట్టాలి.